ఈసారి బస్సు స్వాలోఫీల్డ్ దగ్గర ఆపండి: బ్రిటన్ తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

బ్రిటన్‌లోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు నమస్కారం.

పోయిన వేసవిలో మన సంఘం వాళ్లు రెడింగ్ నుంచి బస్సు మాట్లాడి మమ్మల్ని లండన్ టవర్‌కు తీసుకెళ్లారు. పులిహోర, పెరుగన్నం, దారి పొడవునా అంత్యాక్షరి. కోహినూరు దగ్గర నిలబడి చూడనివ్వరని మీకు తెలిసిందే. కాళ్ల కింద పట్టీ కదులుతూనే ఉంటుంది. మనవాళ్లు వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ ఎక్కారు. ఒక పెద్దాయన మనవరాలికి "మన కొల్లూరు రాయమ్మా" అని చూపిస్తుంటే ఆ పిల్ల "కొల్లూరు ఎక్కడ తాతయ్యా?" అని అడిగింది. ఆయన "గుంటూరు వైపు..." అనేలోపు పట్టీ అయిపోయింది, పక్క గదిలో పడ్డారు.

ఆ బస్సు బయలుదేరిన చోటి నుంచి దక్షిణంగా అయిదారు మైళ్లు వెళ్తే స్వాలోఫీల్డ్ అనే ఊరు వస్తుంది. లోడన్, బ్లాక్‌వాటర్ అనే రెండు చిన్న నదులు కలిసే చోటికి దగ్గరలో, చెట్ల మధ్య, లేత రంగు గోడలతో ఒక పెద్ద ఇల్లు ఉంది. పేరు స్వాలోఫీల్డ్ పార్క్. 1719లో ఆ ఇంటిని కొన్న డబ్బు కృష్ణ ఒడ్డున దొరికిన ఒక వజ్రానిది. సరిగ్గా నూటొక్క ఏళ్లకు అదే ఇంటిని మరో కుటుంబం కొన్నది. ఆ కుటుంబంలో పెద్ద కొడుకు హైదరాబాదు కోఠీలో పదేళ్లు రెసిడెంటుగా, అంటే నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉండి వచ్చినవాడు. ఒకే ఇంటికి రెండుసార్లు తెలుగు నేల తగిలింది. మన కుటుంబాలు ఇన్ని ఉన్న ఊరికి కూతవేటు దూరంలో ఉన్న ఈ ఇంటి పేరు మన కార్యక్రమాల పట్టికలో ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఈ ఉత్తరం అందుకే.

నేను పాత ఇళ్ల గోడలు పరీక్షించే పనిలో ఉన్నాను. తేమ ఎక్కడి నుంచి ఎక్కుతోంది, పూత ఎక్కడ డొల్లబడింది, వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి విని చెప్పడం నా ఉద్యోగం. అందుకని మనుషుల కథ కంటే ముందు గోడల కథ చెబుతాను. కాస్త ఓపిక పట్టండి.

ఇంగ్లండులో కాపాడవలసిన కట్టడాలకు ప్రభుత్వ జాబితా ఒకటి ఉంది. దాన్ని చూసుకునే సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్. జాబితాలో మూడు మెట్లు ఉంటాయి: ఒకటో తరగతి, నక్షత్రం గుర్తున్న రెండో తరగతి, మామూలు రెండో తరగతి. నూటికి తొంభైకి పైగా చివరి మెట్టు మీదే ఉంటాయి. స్వాలోఫీల్డ్ పార్క్‌ది నక్షత్రం గుర్తున్న తరగతి. ఆ గుర్తు నూటికి ఆరింటికి కూడా లేదు. అలాంటి ఇంటి రూపం మార్చే పని అనుమతి లేకుండా చేస్తే అది నేరమే, కోర్టు దాకా వెళ్లే నేరం. మన దగ్గర నిజాం కాలపు దేవిడీలు రాత్రికి రాత్రి మాయమవడం చూసినవాడిగా ఈ చట్టం మీద నాకు గౌరవం ఉంది. వృత్తిరీత్యా దాన్ని తిట్టుకునే రోజులూ ఉన్నాయి, అది వేరే సంగతి.

ఇప్పుడున్న ఇంటి ఎముకలు 1689, 1691 మధ్య కట్టినవి. కట్టించింది రెండో క్లారెండన్ ప్రభువు హెన్రీ హైడ్, కట్టింది విలియం టాల్మన్. చాట్స్‌వర్త్ సౌధం పేరు విన్నారు కదా, దాని దక్షిణ ముఖం ఈయన చేతి పనే. ఆ రోజుల్లోనే రాజుగారి కట్టడాల లెక్కలు చూసే పెద్ద ఉద్యోగంలో కూడా ఉన్నాడు. ఇంతకీ ఈ క్లారెండన్ ప్రభువు ఇల్లు కట్టుకున్న సమయం చూడండి. ఆయన బావగారు జేమ్స్ రాజును 1688లో గద్దె దించారు. ఆ గద్దె ఎక్కిన మేరీ రాణి ఈయనకు స్వయానా మేనకోడలు. మేనకోడలికి, ఆమె భర్తకు విధేయుణ్నని ప్రమాణం చేయడానికి మేనమామ ఒప్పుకోలేదు. 1690లో ఒకసారి, 1691లో మరోసారి ఆయన్ని ఖైదు చేశారు. ఎక్కడనుకున్నారు? మనం పులిహోర పట్టుకెళ్లిన లండన్ టవర్‌లోనే. ఇక్కడ తాపీవాళ్లు గోడలు లేపుతుంటే అక్కడ యజమాని గోడల మధ్య కూర్చున్నాడు.

ఆ భూమి నిజానికి ఆయనది కాదు, భార్య ఫ్లవర్‌ది. ఆమె తండ్రి విలియం బ్యాక్‌హౌస్ రసవాది. ఇనుమును బంగారం చేసే పరుసవేది కోసం జన్మంతా వెతికాడు. 1653లో తను పోతున్నాననుకుని ఆ రహస్యాన్ని శిష్యుడు ఎలియాస్ ఆష్మోల్‌కు చెప్పేశాడట. ఆక్స్‌ఫర్డ్ మ్యూజియానికి పేరిచ్చిన ఆష్మోల్ ఈయనే. శిష్యుడు బంగారమైతే చేయలేదు గానీ, ఒక రాయి ఒక ఇంటి రాత మార్చే ముచ్చట ఆ ఇంట్లోనే తర్వాత జరిగింది. ఫ్లవర్‌కు తోటపని బాగా వచ్చు. 1685లో అక్కడికి వెళ్లిన రచయిత జాన్ ఎవెలిన్ తన దినచర్యలో చేపల చెరువుల గురించి, వెయ్యి ఆపిల్ చెట్ల తోట గురించి లొట్టలు వేస్తూ రాసుకున్నాడు.

టాల్మన్ కట్టింది ఎర్ర ఇటుక ఇల్లు. ఇప్పుడు చూస్తే ఎరుపు కనబడదు. 1820లో రస్సెల్ కుటుంబం చేతికి వచ్చాక విలియం అట్కిన్సన్ అనే వాస్తుశిల్పి ఇల్లంతా సవరించి, ఇటుక మీద సిమెంటు పూత పూయించాడు. నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఇంటికి పని చేసింది ఈ అట్కిన్సనే. టాల్మన్ నాటి పనితనంలో మిగిలినవాటిలో నాకు ముఖ్యమైనవి రెండు. లోపల కోడిగుడ్డు ఆకారంలో ఉండే ముందు గది ఒకటి. తోటకు దారి తీసే రాతి ద్వారబంధం రెండోది. అది మొదట ఇంటి ముఖానికే ఉండేది, తర్వాత పీకి తోట గోడకు పెట్టారు. పాత ఇంటి సింహద్వారం తీసి దొడ్డి గుమ్మానికి పెట్టడం మన ఊళ్లలోనూ చూశాం కదా.

ఈ పూత సంగతి నాకు ఇష్టమైనది, అందుకే ఒక నిమిషం ఆగుతాను. ఇటుకను దాచి రాయిలా కనిపించేలా చేయడం ఆ కాలపు మోజు. రాతి కట్టడం ఖరీదు భరించలేనివాళ్లకు అది దొడ్డిదారి. అదే పని అంతకు పదిహేనేళ్ల ముందే హైదరాబాదులో జరిగింది. కోఠీ రెసిడెన్సీ స్తంభాలు చూసే ఉంటారు. కింద నిలబడి తలెత్తితే మెడ నొప్పి పుట్టే ఎత్తు. అవి రాయి కాదు. లోపల ఇటుక, పైన డంగు సున్నం. గానుగలో తిప్పి తిప్పి నూరిన సున్నాన్ని పూతలు పూతలుగా వేసి, గులకరాయితో రుద్ది రుద్ది అద్దంలా చేసేవాళ్లు. మద్రాసు వచ్చిన తెల్లవాళ్లకు ఆ మెరుపు చూసి మతి పోయింది. మన మాట పట్టుకునే దానికి 'చునాం' అని పేరు పెట్టుకుని ఇంగ్లీషులో కలుపుకున్నారు. ఆ సున్నం గోడల మధ్య యవ్వనమంతా గడిపిన మనిషి, ఇంగ్లండు వచ్చి ఎర్ర ఇటుక ఇంటికి పూత వేయిస్తున్న కుటుంబంలోకి చేరాడు. దానికీ దీనికీ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను. కానీ గోడ తట్టే ప్రతిసారీ నాకు అదే గుర్తొస్తుంది. ఒక్కటి మాత్రం చెప్పగలను: సున్నం తేమను పీల్చుకుని వదులుతుంది, సిమెంటు పట్టి ఉంచుతుంది. అందుకే మా వృత్తిలో వాళ్లకు కోఠీ పూతంటే గౌరవం ఎక్కువ.

ఇక వజ్రం.

థామస్ పిట్ 1698లో మద్రాసు సెయింట్ జార్జి కోటకు గవర్నరుగా వచ్చాడు. అంతకు ముందు ఈస్టిండియా కంపెనీ హక్కులను ఎగ్గొట్టి దొంగచాటుగా వ్యాపారం చేసి, కంపెనీ చేతనే కేసులు వేయించుకున్న ఘనుడు. ఇతనితో పడలేక చివరికి కంపెనీయే గవర్నరును చేసి కూర్చోబెట్టింది. 1701 డిసెంబరులో జంచంద్ అనే వజ్రాల వర్తకుడు ఇతని దగ్గరికి ఒక పెద్ద రాయి తెచ్చాడు. 305 మంజాడీల తూకం. మంజాడి అంటే మన వైపు రత్నాల వర్తకులు వాడిన ఎర్ర గింజ తూకం. ఆ మాటను ఇంగ్లీషు వాళ్లు 'మాంజెలిన్' చేశారు. తర్వాత రోజుల్లో తన మీద నిందలు లేస్తే పిట్ 1710లో నార్వే దేశపు బెర్గెన్‌లో కూర్చుని, ఈ బేరం ఎలా జరిగిందో పూసగుచ్చినట్టు రాసిపెట్టాడు. నేను చదివిన బేరాల్లో ఇంత పసందైనది మరొకటి లేదు.

జంచంద్ మొదట 2,00,000 వరహాలు అడిగాడు. పిట్ 30,000కు మించి పలకలేదు. వర్తకుడు రాయిని కొన్ని రోజులు గవర్నరు దగ్గరే వదిలి, మళ్లీ వచ్చి తీసుకుపోయేవాడు. ఇలా చాలాసార్లు జరిగింది. సుల్తాన్ బజారులో చీర భుజాన వేసి "ఇంటికి తీసుకెళ్లి చూసుకోండమ్మా" అనే కొట్టువాడి ఉపాయమే. ఫిబ్రవరిలో మళ్లీ వచ్చాడు. ప్రతిసారీ పక్కన ఒక మధ్యవర్తి ఉండేవాడు. పిట్ ఇంగ్లీషు స్పెల్లింగులో అతను 'వింకటీ చిట్టీ'. మనం చదువుకుంటే వెంకటి చెట్టి. ధర లక్షకు దిగింది. ఆఖరి రోజున కోటలో సలహా మండలి గదిలో కూర్చున్నారు. అటు 55,000, ఇటు 45,000. ఎవరూ కదలలేదు. రాయి తిరిగి ఇచ్చేశాడు, మర్యాదగా వీడ్కోలు చెప్పుకున్నారు. గంట గడిచాక నౌకరు వచ్చి, వాళ్లిద్దరూ గుమ్మంలో ఉన్నారని చెప్పాడు. లోపలికి వచ్చి రాయిని తెగ పొగిడి, మీరు కొంటేనే మాకు తృప్తి అని 50,000 అన్నారు. పిట్ మధ్యస్తంగా 47,500 అన్నాడు. వర్తకుడు గది బయటికి నడిచి, వెనక్కి తిరిగి 49,000 అన్నాడు. కాసేపటికి 48,000, ఇక ఒక్క వరహా తగ్గితే ఒట్టు అన్నాడు. పిట్ పక్క గదిలోకి వెళ్లి అక్కడున్న ఉద్యోగితో, 47,500 చేసే రాయి 48,000 చేయదా అని చెప్పుకుని సరేనన్నాడు.

ఆ రాయి కొల్లూరు గనిలో దొరికిందని లోకం చెప్పుకుంటుంది. గనిలో పని చేసే ఒక బానిస దాన్ని కాలి గాయంలో కట్టు కింద దాచి తెచ్చాడని, ఒడ్డు చేరాక ఒక ఓడ కెప్టెన్ అతన్ని చంపి రాయి కాజేశాడని ఒక కథ ఉంది. అది కథే కావచ్చు. కథ కానిది వేరే ఉంది. పదిహేడో శతాబ్దంలో ఈ గనులు తిరిగి చూసిన ఫ్రెంచి నగల వర్తకుడు తావెర్నియే, కొల్లూరులో ఆడా మగా పిల్లా పాపా కలిపి అరవై వేల మంది దాకా పని చేస్తున్నారని రాశాడు. అంతకు ముందు చూసిన మరో గనిలో, పనితనం ఎంతో తెలిసినవాడికి కూడా ఏడాది కూలి మూడు వరహాలేనని రాశాడు. 48,000ను మూడుతో భాగించి చూడండి. పదహారు వేల ఏళ్ల కూలి. మన సభల్లో ఎవరైనా లేచి "తెల్లవాళ్లు దోచుకుపోయారు" అన్నప్పుడల్లా నాకు ఈ లెక్క అడ్డు తగులుతుంది. పిట్ దోచుకోలేదు, బేరమాడి కొన్నాడు. అతనికి అమ్మినవాడు మనవైపు వాడే. గుంట తవ్వినవాడికి మాత్రం ఆ బేరంలో ఇద్దరూ ఏమీ కారు. 'మన వజ్రం' అన్నప్పుడు ఆ 'మన'లో ఎవరున్నారో ముందు తేల్చుకుందాం.

పిట్ కొడుకు రాబర్ట్ 1702లో రాయిని ఇంగ్లండుకు చేర్చాడు. సానపట్టడానికి రెండేళ్లు పట్టింది, 140 కారట్ల పైచిలుకు మిగిలింది. పిట్ తన ఉత్తరాల్లో దాన్ని 'నా పెద్ద వ్యవహారం' అనే అంటాడు, పేరు పెట్టి పిలిచే ధైర్యం లేదు. పదిహేనేళ్లు కొనేవాడు దొరకలేదు. చివరికి 1717లో, బాల్యంలో ఉన్న ఫ్రాన్సు రాజు తరఫున పాలిస్తున్న ఓర్లియాన్స్ ప్రభువు 1,35,000 పౌండ్లకు కొన్నాడు. అందుకే దానికి 'రీజెంట్' అని పేరు. రాజు కిరీటంలో మెరిసి, నెపోలియన్ కత్తి పిడికెక్కి, చివరికి పారిస్ లూవ్ర్ మ్యూజియానికి చేరింది. 2025 అక్టోబరులో దొంగలు అదే గదిలో పడి నగలు ఎత్తుకెళ్లారు, దీన్ని మాత్రం వదిలేశారు. ఆ డబ్బుతో పిట్ స్వాలోఫీల్డ్ కొని, 1726లో అక్కడే కన్నుమూశాడు. చిన్నప్పుడు ఆ తోటలో ఆడుకున్న మనవడు విలియం పిట్ బ్రిటన్ ప్రభుత్వానికి నాయకత్వం వహించాడు. మునిమనవడు ఇరవై నాలుగేళ్లకే ప్రధాని అయ్యాడు.

కొల్లూరు మాత్రం ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. మా అమ్మమ్మ వాళ్లది ఆ చుట్టుపక్కల ఊరే. నీళ్లు తగ్గిన ఏడాది ఒడ్డున నిలబడితే పాత గోడల మొదళ్లు కనబడేవి. తొలకరి పడితే ఇప్పటికీ కృష్ణ ఒడ్డున గుడిమెట్ల వైపు జనం సద్దిమూటలు కట్టుకుని వజ్రాలు ఏరడానికి వస్తారు. టవర్‌లో ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు ఇదీ. పట్టీ మీద చెప్పడానికి కుదిరే జవాబు కాదు.

రెండో కథ నాకు ఇంకా కష్టమైనది.

కోఠీ రెసిడెన్సీ కట్టించిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ గురించి, అతను పెళ్లాడిన ఖైరున్నీసా గురించి హైదరాబాదు వాళ్లకు నేను చెప్పనక్కరలేదు. పరదా దాటని బేగం కోసం రెసిడెన్సీ నమూనాను తోటలో చిన్నగా కట్టించాడని చెబుతారు. అది ఇప్పటికీ ఉంది. 1805లో వాళ్ల పిల్లలు, నాలుగేళ్ల బాబు, మూడేళ్ల పాప, మద్రాసులో ఓడ ఎక్కారు. ఓడ ఎక్కే ముందు చిత్రకారుడు జార్జి చినరీ వాళ్ల బొమ్మ గీశాడు, హైదరాబాదు దర్బారు దుస్తుల్లో. కొద్ది వారాలకే తండ్రి కలకత్తాలో పోయాడు. పిల్లలు తల్లిని మళ్లీ చూడలేదు.

కిర్క్‌పాట్రిక్ కింద పని చేసిన కుర్రవాడు హెన్రీ రస్సెల్. యజమాని పోయాక ఆ విధవరాలికి దగ్గరయ్యాడు. దివాను మీర్ ఆలం ఆమెను హైదరాబాదులో అడుగు పెట్టనివ్వలేదు, మచిలీపట్నంలో ఉండిపోయింది. రస్సెల్ వస్తాడని ఎదురు చూసింది. 1808లో అతను మద్రాసులో మరొకామెను పెళ్లాడాడు. ఆ సంగతి చెప్పడానికి తను రాలేదు. బందరు ఉక్కపోతలో, సముద్రపు గాలిలో ఆ కబురు విన్న మనిషి గురించి నేను ఎక్కువ రాయలేను. తర్వాత హైదరాబాదు చేరుకున్నా, 1813లో చిన్న వయసులోనే పోయింది. అప్పటికి కోఠీలో రెసిడెంటు గద్దె మీద ఉన్నది రస్సెలే.

పదేళ్ల ఉద్యోగంలో రస్సెల్ బాగా వెనకేశాడు. నిజాంకు భారీ వడ్డీకి అప్పులిచ్చిన పామర్ కంపెనీలో అతనికి తెరచాటు వాటా ఉందన్న ఆరోపణ గట్టిగా వచ్చింది. లంచాల గొడవ ముదరకముందే 1820లో రాజీనామా ఇచ్చి ఓడ ఎక్కాడు. ఆ వడ్డీలు తెలంగాణ రైతు శిస్తులోంచి వచ్చాయి. ఆ అప్పు తీర్చడానికి మూడేళ్ల తర్వాత నిజాం ఏం వదులుకున్నాడో గుర్తుంచుకోండి: ఉత్తర సర్కార్ల కోసం కంపెనీ ఏటా కట్టవలసిన పేష్కష్, అంటే కప్పం. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న కోస్తా మీద హైదరాబాదుకు మిగిలిన ఆఖరి హక్కు అది. అదే 1820లో రస్సెల్ కుటుంబం స్వాలోఫీల్డ్ కొన్నది. తండ్రి బెంగాల్ ప్రధాన న్యాయమూర్తిగా చేసి వచ్చినవాడు, కొడుకు కోఠీ నుంచి వచ్చినవాడు. సిమెంటు పూత కథ అక్కడ మొదలు.

చినరీ గీసిన ఆ పిల్లల బొమ్మ కూడా రస్సెల్ సామానుతో పాటు స్వాలోఫీల్డ్ గోడ ఎక్కింది. ఏళ్లు గడిచాయి. పాప పెరిగి కిటీ కిర్క్‌పాట్రిక్ అయింది, పెళ్లయింది. ఒకరోజు చుట్టపు చూపుగా ఆ ఇంటికి వచ్చి, గోడ మీద తనను తానే చూసుకుంది. భోరున ఏడ్చిందని ఆ ఇంటి వాళ్లే రాసిపెట్టుకున్నారు. హైదరాబాదులో తన అమ్మమ్మ షరఫున్నీసా ఇంకా బతికే ఉందని కిటీకి 1840ల్లో తెలిసింది. ఇటు నుంచి ఇంగ్లీషు, అటు నుంచి ఫార్సీ, మధ్యలో అనువాదం. ఆరేళ్లు ఉత్తరాలు నడిచాయి. కలుసుకోలేదు. వాట్సాప్‌లో అమ్మమ్మ ముఖం చూపించి "హాయ్ చెప్పు" అనిపించే మన ఇళ్లలో ఈ సంగతి వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది. రస్సెల్ 1852లో పోతూ ఆ పటాన్ని కిటీ పేర రాశాడు. చేసిన మంచి పని అదొక్కటే అనుకుంటాను.

రస్సెల్ వంశం ఆ ఇంట్లో 1965 దాకా ఉంది. ఆ రోజుల్లో ఇలాంటి సౌధాలను పన్నులు కట్టలేక, మరమ్మతులు చేయించలేక వరసగా కూల్చేశారు. ఇది కూలలేదు, వాటాలుగా విడగొట్టడంతో బతికింది. ఇప్పటికీ అందులో కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట: అది మ్యూజియం కాదు, టికెట్టు కొని తోసుకుని వెళ్లే చోటు కాదు. సెల్ఫీ కర్రలు, మైకు పట్టుకుని "ఇది మన డబ్బు" అని అరవడం, ఇవేవీ వద్దు. అక్కడ ఉంటున్న ముసలాయనకూ జంచంద్‌కూ ఏ లెక్కా బాకీ లేదు.

మరి ఏం చేయాలంటారా? ముందుగా ఆ ఇంటి నివాసులకు సంఘం తరఫున మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. ఏటా సెప్టెంబరులో ఇంగ్లండు అంతటా పాత కట్టడాల తలుపులు జనానికి తెరిచే రోజులు వస్తాయి. ఆ రోజుల్లో పదిహేను మందికి తోట, వాళ్లు ఒప్పుకుంటే ఆ కోడిగుడ్డు గది చూపించగలరా అని అడగండి. కాదంటే కాదు. ఊరి చర్చి ఆవరణ ఎవరైనా చూడవచ్చు. పల్లె జీవితం గురించి రాసి పేరు పొందిన మేరీ మిట్‌ఫర్డ్ సమాధి అక్కడే ఉంది. చర్చి అరుగు మీద కూర్చుని ఈ రెండు కథలూ చెప్పుకున్నా చాలు.

రెండో పని కాస్త శ్రమతో కూడింది. హిస్టారిక్ ఇంగ్లండ్ తన జాబితాలోని ప్రతి కట్టడానికి జనం ఫొటోలు, తెలిసిన వివరాలు చేర్చే వీలు కల్పించింది. పాత నమోదుల్లో వాస్తుశిల్పి ఎవరు, గోడ ఇటుకా రాయా, కిటికీలు ఎన్ని అన్న లెక్క ఉంటుంది. డబ్బు ఏ నది ఒడ్డు నుంచి వచ్చిందన్నది ఆ లెక్కల్లో మామూలుగా చోటు చేసుకోదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ చరిత్రకారులు ఈస్టిండియా కంపెనీ సొమ్ముతో నడిచిన ఇళ్లను వెతుకుతూ స్వాలోఫీల్డ్ మీద మంచి పరిశోధనే చేశారు. అది ఇంగ్లీషు కాగితాల వైపు నుంచి చూసిన చూపు. కొల్లూరు ఇప్పుడు ఎక్కడ ఉంది, వరహా అంటే ఏమిటి, మంజాడి ఎంత, 'మసూలిపటం' అని రాసిన చోట మచిలీపట్నం అని చదువుకోవాలి, ఇవన్నీ మనం చేర్చగల మాటలు. మన సంఘాల్లో చరిత్ర చదివినవాళ్లు, ఫార్సీ చదవగల హైదరాబాదీలు, ఉపాధ్యాయులు ఉన్నారు. నలుగురు ఆదివారాలు నాలుగు కూర్చుంటే ఆ నోటు తయారవుతుంది. శనివారం తెలుగు బడి పిల్లలకు అదే పాఠంగా చెప్పవచ్చు. 'వరహా'ను తెలుగు పరీక్షలో అర్థం రాసే మాటగా కాకుండా, తమ ఊరి పక్క ఇంటి ధరగా నేర్చుకుంటారు.

టవర్‌కు వెళ్లవద్దని నేను అనడం లేదు. వెళ్దాం. ఆ పట్టీ మీద కొల్లూరు ఎక్కడో చెప్పే సమయం ఉండదు కాబట్టి, అక్కడికి వెళ్లే దారిలో ఒక గంట స్వాలోఫీల్డ్‌కు కేటాయించమంటున్నాను.

ఉగాది నాటికి కార్యవర్గ సమావేశాలు ఉంటాయి కదా, ఈ విషయం ఎజెండాలో పెట్టండి. నోటు తొలి ప్రతి నేను రాసి తెస్తాను. గోడలు, పూతల భాగం నాది. ఫార్సీ ఉత్తరాల భాగం చూసేవాళ్లు ఎవరైనా ముందుకొస్తే మేలు. మనవరాలికి జవాబు చెప్పబోయి పట్టీ దిగిపోయిన ఆ పెద్దాయన ఈ ఉత్తరం చదువుతుంటే, మొదటి బస్సులో ముందు సీటు ఆయనకు, ఆ పిల్లకు. పులిహోర ఈసారి మా ఇంటి నుంచి.

ఇట్లు,
మీ సంఘ సభ్యుడు, రెడింగ్